పదకొండు వేల కిలోమీటర్లు, డెబ్బై నిమిషాలు

విశాఖపట్నం నుంచి ఫిజీ దేశంలోని నాడి విమానాశ్రయానికి గాలిదారిన పదకొండు వేల ఇరవై అయిదు కిలోమీటర్లు. ఈ అంకె నన్ను నిద్దట్లో లేపి అడిగినా చెబుతాను. మామూలు విమానాల్లో రెండుచోట్ల దిగి ఎక్కి, ఆ బెంచీల మీద పడిగాపులు పడి వెళ్ళేసరికి ముప్ఫై గంటలు. మా మడత దారిలో డెబ్బై నిమిషాలు. "దూరాన్ని జయించిన తెలుగు మహిళ" అని మా డైరెక్టరు గారి ఫొటో వేసి పేపర్లు రాసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. దూరం ఎక్కడికి పోతుందండీ? అంగుళం కూడా తగ్గలేదు. తగ్గింది ప్రయాణానికి పట్టే సమయం. ఈ రెంటికీ తేడా తెలుసు కనకనే నాకు ఉద్యోగం ఇచ్చారు.

నా పేరు గౌరీశ్వరి. భీమిలి దారిలో ఉన్న మడత దారి ప్రయోగశాలలో గడియారాల విభాగం నాది. ఏది ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, ఆ రెండూ రాసి కింద సంతకం పెట్టడమే నా పని. నోరు కాస్త పెద్దది. "గడియారం కొట్టకముందే గౌరీశ్వరి కొడుతుంది" అని మా డైరెక్టరు హైమవతి గారు వెక్కిరించేవారు. ఆవిడ నాకంటే ఆరేళ్ళు పెద్ద, మహా మేధావి. ఈ కథలో నేను ఎన్ని మాటలన్నా ఆవిడంటే నాకు ఈ రోజుకీ గౌరవమే.

మొదటి ప్రయోగం జరిగిన రోజు చెప్పాలి. హాల్లో వంద అడుగుల పట్టా మీద ఒక బొమ్మ బండి. మామూలుగా ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై సెకన్లు. హైమవతి గారు మీట నొక్కగానే ఒక్క సెకనులో అవతల ఉంది. మేం నమ్మలేక మళ్ళీ నడిపాం, మళ్ళీ నడిపాం. ఆ పొద్దున్న రెండు గంటల్లో నూటయాభై సార్లు నడిపాం. ఈలోగా అటెండరు లోకనాథం టీలు తేవడానికి క్యాంటీనుకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. వచ్చేసరికి టీ చల్లగా మీగడ కట్టి ఉంది.

"ఎక్కడ కూచుని బీడీ కాలుస్తున్నావయ్యా ఇంతసేపూ?" అని నేనే ముందు కేకలేశాను.

"ఎక్కడా ఆగనేదమ్మా. వరండాలో నడుస్తానే ఉన్నాను" అన్నాడు లోకనాథం. అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఎవరూ నమ్మలేదు. మధ్యాహ్నం వరండా కెమెరా తీసింది వేసి చూస్తే మనిషి నిజంగానే ఆగలేదు. ముప్ఫై అడుగుల వరండా దాటడానికి అతనికి ముప్పావుగంటకి పైగా పట్టింది. అడుగుల లెక్క అదే, ఒక్కో అడుగూ పడటానికి మాత్రం నిమిషం దాటింది. హైమవతి గారు కాగితం మీద లెక్క కట్టారు. బండి దగ్గర మేం మిగిల్చిన సెకన్లన్నీ కూడితే సరిగ్గా లోకనాథానికి ఎక్కువైన సెకన్లు.

"కాలం ఎక్కడికీ పోలేదు గౌరీ. మనం ఇక్కడ మిగిల్చింది అతని నెత్తిన పడింది" అన్నారు ఆవిడ, కళ్ళు మెరుస్తుండగా.

ఆ వరండాకి పరిచినవి పాత కొండరాతి పలకలు. మిగిల్చిన కాలం నీళ్ళలో నిలవదు, మట్టిలో నిలవదు, పాత రాతిలోకి దిగి కొన్ని గంటలు అక్కడే ఉంటుంది. ఆ సమయంలో ఆ రాతి మీద నడిచేవాడికి దారి తెమలదు. ఇంత పెద్ద సంగతి ఒక టీల పళ్ళెం వల్ల బయటపడింది. లోకనాథానికి క్షమాపణ చెప్పామా అంటే, లేదు. ఆ సాయంత్రం మేమంతా పాలకోవాలు పంచుకున్నాం, అతనికీ ఒకటి ఇచ్చాం.

ఇక విమానాలు నడపాలంటే ఆ మిగులు కాలాన్ని వదలడానికి మనుషుల్లేని రాతికొండలు కావాలి. పడమటి కొండల మీద రాత్రిపూట ఉపగ్రహం తీసిన ఫొటో తెప్పించారు. వెలుగు చుక్కలున్నచోట ఊళ్ళు, చీకటిగా ఉన్నచోట ఎవరూ లేనట్టు. నాలుగు కోసుల మేర నల్లగా ఉన్న ఒక కొండ దొరికింది. విమానం మిగులంతా దాని మీద పలచగా పరుచుకుంటుందన్నారు. "జనసంచారం లేదు" అని రాసిన కాగితం కింద సరిచూసినవాళ్ళ సంతకం ఒకటి ఉండాలి. అది నేను పెట్టాను. ఫొటో చూశాను, నల్లగానే ఉంది, పెట్టాను. పక్కన మామిడికాయ ముక్కలు తింటున్నాను కూడా.

మంగళవారం ఒక విమానం, శుక్రవారం ఒక విమానం. ఏడాది తిరిగేసరికి మా దారికి ప్రపంచమంతా పేరొచ్చింది.

ఆ ఏడాదే మా తమ్ముడు సన్నిబాబు రక్తం పాడైంది.

సన్నిబాబు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పాతిక కుట్టుమిషన్లు ఒకేసారి ఆడుతున్నా, మూల ఉన్న మిషన్‌లో బాబిన్ వదులుగా ఉందని చెవితో చెప్పేసే రకం. పెళ్ళి చేసుకోలేదు, నాతోనే ఉంటాడు. అలాంటివాడు మెట్లెక్కలేక గుమ్మంలో కూలబడ్డాడు. ఎముకల్లో రక్తం తయారవడం ఆగిపోయిందన్నారు. సరిపడే కణాలు మా చుట్టాల్లో ఎవరి దగ్గరా లేవు. వెతగ్గా వెతగ్గా ఫిజీలో దొరికాయి. సరోజిని అని ఒక బడిపంతులమ్మ. వాళ్ళ ముత్తాత చెరకు తోటల్లో పనికని మన జిల్లా నుంచే ఓడెక్కాడట. ఆయనకి అక్కడికి చేరడానికి రెండు నెలలు పట్టిందట.

ఆవిడ ఒంట్లోంచి తీసిన కణాలు నాలుగు గంటల్లోపు ఎక్కించాలి. మంచులో పెడితే చచ్చిపోతాయి. ఆవిడ గుండెకి పేస్‌మేకర్ ఉంది, మడత దారిలో అది ఆగిపోతుంది కాబట్టి ఆవిడ రావడానికి వీల్లేదు. లేచి నిలబడలేని మా వాడు వెళ్ళలేడు. కణాలే రావాలి. ఆరు వారాల్లో మూడుసార్లు. మూడూ పడితేనే బతుకు. రెండు పడి మూడోది తప్పితే మొదటి రెండూ వృథా అని డాక్టరు ముందే చెప్పేశారు.

మొదటి డోసుకి జ్వరం వచ్చింది. రెండోది ఒక శుక్రవారం వచ్చింది. శనివారం పొద్దున్న డాక్టరు చీటీ చూసి, "కొత్త రక్తం మొదలైందమ్మా" అన్నారు. నేను అక్కడే, ఆ వార్డు వరండాలోనే, నేలమీద సాగిలపడ్డాను. ఎవరికని దండం పెట్టను? డాక్టరుకి పెట్టాను, నర్సుకి పెట్టాను, ఆకాశం వైపు తిరిగి విమానానికి పెట్టాను. ఎదురు కొట్లో రెండు కిలోల లడ్డూలు కొని పెద్దాసుపత్రి వరండాలో కనిపించిన వాళ్ళందరికీ పంచడం మొదలెట్టాను.

బెంచీ చివర ఒక ముసలావిడ కూచుని ఉంది. ముక్కుకి మూడు నత్తులు, మెడలో వెండి కంటె, ఒళ్ళో ఒక ఆకుల పొట్లం.

"తీసుకో అవ్వా, మా తమ్ముడు బతికాడు" అన్నాను.

ఆవిడ లడ్డూ వంక చూసింది కానీ చెయ్యి చాపలేదు. "నీ తమ్ముడు సల్లగుండాలమ్మా. మాకు మైల. తినకూడదు."

"అయ్యో. ఎవరు పోయారు?"

"నా మనవరాలు బుద్రి బిడ్డ. నిన్న. పేరెట్టనేదు ఇంకా."

లడ్డూ చేతిలో పట్టుకునే ఆవిడ పక్కన కూచున్నాను. ఆవిడ పేరు సుక్రమ్మ. ఊరు కొండమీద గుమ్మలబంద. అక్కడి నుంచి జీపు ఆగే చోటికి కాలిదారే.

"రెండు సుట్టల దారమ్మా అది" అంది సుక్రమ్మ. "ఊరికాడ ఒకటి ముట్టిస్తాను, గెడ్డలో నీళ్ళకాడ రెండోది. అదయ్యేసరికి జీపు కాడుంటాను. నా పెళ్ళినాటి నుంచీ అంతే. ఏడాది నుంచి ఏటైనాదో, కొన్ని దినాల్లో మూడు సుట్టలు కాల్తన్నాయి. నిన్న బుద్రిని డోలీ కట్టి నలుగురు మోసినారు. ఒక్కలూ ఆగనేదు. మూడైపోనాయి, ఇంకా దారుంది. అరగంట ముందు తెస్తే బతికీదన్నాడు డాట్రుబాబు."

గడియారాల విభాగం కదా నేను, తెలివి చూపించాలి కదా! "పొగాకు మారి ఉంటుంది అవ్వా, చుట్ట బేగి కాలిపోతోందేమో" అన్నాను.

సుక్రమ్మ పొట్లం విప్పి నా ముందు పెట్టింది. చుట్టలన్నీ ఒక్క పొడవు, ఒక్క లావు. "నా సుట్ట నాను సుట్టుకుంటాను. అరవై ఏళ్ళుగా ఇదే కొలత. నాకు సెప్తావేటి నువ్వు?"

"కోప్పడకు అవ్వా. ఏ రోజుల్లో అలా అవుతుంది?"

"మంగళారం సంత. సంతకెల్లిన దినమల్లా ఆలీసమే. ఇంక సుక్కురారం. మిగతా దినాల్లో దారి మంచిదే."

నా చేతిలో లడ్డూ నలిగి పొడి పొడి అయిపోయింది. నేను ఎవరో మాత్రం చెప్పలేదు. ఊరంతా వినేలా మాట్లాడేదాన్ని, ఆ పొడిని కొంగులో మూటకట్టుకుని లేచి వచ్చేశాను.

ఆ సోమవారం సెలవు పెట్టి, రెండు గడియారాలు పట్టుకుని గుమ్మలబంద వెళ్ళాను. పద్ధెనిమిది ఇళ్ళు. కరెంటు స్తంభం లేదు. పొద్దుగూకే వేళకి తిని పడుకుంటారు. ఆకాశం నుంచి చూస్తే నల్లగా ఉండక ఏం చేస్తుంది? సోమవారం కిందికి దిగాను, గంటా ముప్ఫై ఆరు నిమిషాలు. మళ్ళీ ఎక్కి అక్కడే ఎవరింటి అరుగు మీదో పడుకున్నాను. మంగళవారం పొద్దున్న విమానం బయల్దేరే వేళ చూసుకుని మళ్ళీ దిగాను. అవే ఏడు వేల తొమ్మిదొందల అడుగులు. రెండు గంటలా ఇరవై ఏడు నిమిషాలు. టేపు పెట్టి కొలిచేవాడికి ఆ దారి ఎప్పుడూ ఒకటే. తేడా గడియారానికి తెలుస్తుంది, లేదా చుట్టకి.

కాగితం తీసుకెళ్ళి హైమవతి గారి బల్లమీద పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు మొహం తుడుచుకున్నారు. లోకనాథం ఏడ్చిన రోజున మెరిసిన కళ్ళే అవి.

"ఇంకో కొండ వెతకాలి. ఈసారి మనిషి వెళ్ళి నడిచి చూడాలి. యంత్రం మొత్తం మళ్ళీ సరిచేయాలి. ఆరు నెలలు పడుతుంది" అన్నారు.

"అందాకా?"

"అందాకా విమానాలు ఆపేస్తాను. పేపర్లవాళ్ళు నన్ను పీక్కుతింటారు, తిననీ." కాస్త ఆగి గొంతు తగ్గించారు. "కానీ గౌరీ, మీవాడి మూడో డోసు ఈ శుక్రవారం కదా. ఆ ఒక్కటీ పోనిచ్చి శనివారం నుంచి ఆపుతాను. ఎవరికీ చెప్పకు. ఒక్క విమానం."

నాకోసం చేస్తానన్నారు ఆవిడ. ఆ క్షణాన ఆవిడ కాళ్ళమీద పడాలనిపించింది, నిజం. వద్దనలేదు సరికదా, "సరేనండీ" అని కూడా అనేశాను.

ఇంటికొచ్చి సన్నిబాబుకి చెప్పాను. వాడు మంచం మీద కూచుని మామ్మల కాలంనాటి ఒక మిషన్ తల విప్పి నూనె పెడుతున్నాడు. డాక్టరు వద్దన్నా వినడు.

"రెండో డోసు నాకు ఎక్కించింది ఏ వారం అక్కా?" అన్నాడు తలెత్తకుండా.

"శుక్రవారం."

"ఆ పసిపిల్ల పోయింది?"

నేను వంటింట్లోకి వెళ్ళిపోబోయాను. వాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. నూనె చెయ్యి.

"అడక్కుండా తెస్తే నేను చెయ్యి చాపనక్కా. ఆ సూది ఎవరికి గుచ్చుతారో గుచ్చుకోండి."

"పిచ్చివాగుడు వాగకు. పోయిన పిల్ల ఎలాగూ తిరిగి రాదు, నువ్వైనా..."

"రాదు. అందుకే అడగమంటున్నాను. మనింటి గుమ్మంలో ఎవడైనా చెప్పకుండా గొయ్యి తవ్వితే నువ్వు ఊరుకుంటావా? పీక పట్టుకోవూ?"

"వాళ్ళు వద్దంటే?"

"వద్దంటే వద్దు."

"నాకు భయంరా సన్నీ."

"నాకూ భయమే. నాకేం చావాలని సరదాయా? వెళ్ళు, వెళ్ళి అడుగు" అన్నాడు. అని మళ్ళీ నూనె డబ్బా అందుకున్నాడు.

మర్నాడు హైమవతి గారితో, అడక్కుండా విమానం వద్దని చెప్పాను. "నేనూ వస్తాను" అన్నారావిడ. ఎత్తుమడమల చెప్పులు జీపులో వదిలేసి, ఆవిడ వట్టి కాళ్ళతో కొండెక్కారు.

గుమ్మలబంద వాళ్ళు ఏ మాటైనా ఊరి నడుమ పరిచిన రాళ్ళమీద కూచుని తేలుస్తారు. ఆ చోటుని సదరు అంటారు. అక్కడ ఇంటికొకరు వచ్చారు. సుక్రమ్మ ముందు వరసలోనే చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి, అడ్డపొగ పెట్టుకుని కూచుంది. నన్ను గుర్తుపట్టి తలూపింది. ఆ తలూపే సరికి సగం చచ్చాను.

అంతా చెప్పాను. విమానం, మిగులు కాలం, ఈ కొండరాయి, మంగళవారం, శుక్రవారం. ఫొటో నల్లగా ఉందని ఎవరూ లేరనుకున్నామని, కింద సంతకం నాదేనని కూడా చెప్పాను. లడ్డూలు పంచిన రోజున ఇది తెలిసీ చెప్పలేకపోయానని కూడా చెప్పాను.

వెనకనుంచి ఒకాయన లేచాడు. "దీపాలు నేకపోతే మనుసులు నేరా? మీ పట్నంలో కరెంటు పోతే మీరంతా సచ్చిపోతారేటి?"

హైమవతి గారు, "మాది తప్పు. క్షమించమని అడిగే మొహం కూడా లేదు" అన్నారు. ఆవిడ నోట నేను ఎప్పుడూ వినని మాట.

"తప్పయితే తప్పు. ఇప్పుడేటి కావాలి మీకు?" అన్నాడు ఊరిపెద్ద సోమన్న.

నేను లేచి నిలబడ్డాను. "ఒక్క విమానం. శుక్రవారం. దాన్లో మా తమ్ముడి మందు వస్తుంది. ఆ పూట మీ దారి మళ్ళీ పొడుగవుతుంది. మీరు ఊఁ అంటేనే. ఉహుఁ అంటే ఇక్కడి నుంచి ఇటే వెళ్ళిపోతాం, విమానం రాదు. తర్వాత ఎలాగూ ఆపేస్తున్నాం."

చాలాసేపు వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో వాదించుకున్నారు. గొంతులు లేచాయి. ఒకావిడ నా వైపు వేలు చూపించి ఏదో అంది, అర్థం కాకపోయినా అర్థమైంది. ఆఖరికి సోమన్న మొదలుపెట్టాడు. నెలలు నిండిన ఆడోళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళని గురువారమే దించి ఆసుపత్రిలో ఉంచాలి, నొప్పులొచ్చేదాకా పంపెయ్యకూడదు. శుక్రవారం పొద్దంతా కొండ కింద జీపు ఉండాలి. మీ మ్యాపులో మా ఊరు పేరు రాయాలి, వంకర రాత కాదు, సరిగ్గా. హైమవతి గారు ఒక్కొక్కటీ తెలుగులో కాగితం మీద రాసి, గట్టిగా చదివి వినిపించి ఇచ్చారు.

"అందరూ ఊఁ అన్నారు. బుద్రి సెప్పాల" అన్నాడు సోమన్న.

అప్పుడు చూశాను. రాళ్ళకి ఎడంగా, గోడకి ఆనుకుని ఒక అమ్మాయి. ఇరవై ఏళ్ళుంటాయేమో. రొమ్ములకి గుడ్డ గట్టిగా బిగించి కట్టుకుంది, పాలు ఆగడానికి. నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ దినం కూడా దారి అలాగే ఉంటాదా?"

"ఉంటుందమ్మా."

"అయితే నువ్వు నడు. నీ తమ్ముడికి మందెక్కినప్పుడు నువ్వాడుండకు, ఈడుండు. నన్నెలా దించినారో అలా దిగు. నానొస్తాను నీతోటి."

"తప్పకుండా" అన్నాను. సన్నిబాబుకి సూది పడేటప్పుడు చెయ్యి పట్టుకుంటానని మాటిచ్చి ఉన్నాను. అయినా తప్పకుండా అన్నాను.

శుక్రవారం మన గడియారంలో పొద్దున్న ఎనిమిదిన్నరకి నాడిలో విమానం లేచింది. గడియారం చూసుకుంటూ గుమ్మలబంద చివరింటి దగ్గర నిలబడ్డాను. తొమ్మిదింటికి బుద్రి వచ్చి, ఏమీ అనకుండా ముందు నడిచింది. సుక్రమ్మ కూడా వస్తానంటే, "ఒద్దవ్వా, నీకు మోకాళ్ళు" అని ఆపేసింది.

నడిచేటప్పుడు ఏమీ తెలియదు. అడుగు అడుగులాగే పడుతుంది. కానీ ఎదురుగా ఉన్న వంపు దగ్గర పడదు. నీడలు జరిగిపోతాయి, చెమట కారి ఆరిపోతుంది, వంపు అక్కడే ఉంటుంది. ఖాళీ చేతులతో దిగుతున్న నాకే ఏడుపొచ్చింది. నొప్పులు పడుతూ గుడ్డ ఉయ్యాల్లో వేలాడుతున్న పిల్లకి ఎలా ఉండి ఉంటుంది? మోస్తున్న ఆ నలుగురికి, అంత గబగబా నడుస్తున్నా వంపు రాకపోతే పిచ్చెత్తి ఉండదూ? ఆ రోజు ఇదే వేళకి నేను విమానాశ్రయంలో కణాల పెట్టె అందుకుని, "అబ్బ, ఎంత తొందరగా వచ్చేసింది!" అని ముద్దు పెట్టుకున్నాను.

గెడ్డ దాటాక బుద్రి ఒక రాతి దగ్గర ఆగింది.

"ఈడికొచ్చేదాకా తన్నుతానే ఉన్నాది. ఈడ మానేసినాది" అంది.

ఆ రాతి పక్కనే కూలబడ్డాను. "నేనే సంతకం పెట్టాను బుద్రీ. చూడకుండా పెట్టాను."

"సదరులో సెప్పినావు కదా."

"నన్ను తిట్టమ్మా. కొట్టు."

"తిడితే దారి తరుగుతాదేటి? లే." చెయ్యి ఇచ్చింది. పట్టుకుని లేచాను. గరుకు చెయ్యి, చిన్న చెయ్యి. ఆ పైన కింద దాకా వదల్లేదు, నేను వదల్లేదో తనే వదల్లేదో చెప్పలేను.

పదకొండూ ఇరవై ఎనిమిదికి జీపు కనిపించింది. అక్కడికి చేరగానే ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. తొమ్మిది మిస్డ్ కాల్స్. అన్నీ ఆసుపత్రి నుంచే. తిరిగి చెయ్యబోయాను. అంతలో అదే మోగింది.

"ఎక్కడున్నావక్కా? పదిన్నరకే ఎక్కించేశారు" అన్నాడు సన్నిబాబు. "జ్వరం లేదు, వాంతి లేదు. బాగా పట్టుకుందంటున్నాడు డాక్టరు. ఇక భయం లేదట. అక్కా? వింటున్నావా? ఆకలేస్తోందక్కా నాకు."

నాలుగు నెలల్లో వాడు ఆకలన్న మాట అనలేదు. నేను జీపు బానెట్ మీద తల పెట్టి ఏడ్చాను. సరోజినమ్మా, హైమవతమ్మా, ఈ కొండమీద పద్ధెనిమిది ఇళ్ళ తల్లులూ అని పేరుపేరునా దండం పెట్టుకున్నాను. జీపు డ్రైవరు నాకు మతి పోయిందనుకుని నీళ్ళ సీసా తెచ్చాడు.

"అక్కా, ఆవిడ పక్కనుందా? ఒక్కసారి ఇవ్వు" అన్నాడు సన్నిబాబు.

ఫోన్ బుద్రికి ఇచ్చాను. తీసుకుని చెవి దగ్గర కాస్త ఎడంగా పట్టుకుంది. అవతల నుంచి నాకూ వినిపిస్తోంది. రోజంతా వాగే మా తమ్ముడికి మాట రావడం లేదు. "అమ్మా... నేను... సన్నిబాబుని" అన్నాడు. వాడు ఏడుస్తున్నాడని నాకు తెలుసు.

బుద్రి కొంతసేపు ఆ ఏడుపు విన్నది.

"బతికినావా?" అంది.

"బతికానమ్మా."

"సరే. బతుకు."

ఫోన్ నా చేతిలో పెట్టి కొంగు బిగించుకుంది. సాయంత్రం దాకా దారి పొడుగే కదమ్మా, ఆగి వెళ్ళమని డ్రైవరు అన్నాడు. మేకలకి నీళ్ళు పెట్టేవాళ్ళు లేరని చెప్పి, కొండవైపు తిరిగి నడక మొదలెట్టింది. మళ్ళీ మూడు గంటల ఎక్కుడు, ఒక్కతీ, ఆ రాతి పక్కనుంచే.

ఆసుపత్రికి నన్ను తీసుకెళ్ళడానికి జీపు తలుపు తీసే ఉంది. "సన్నీ, నర్సునడిగి ఇడ్లీ తిను. నేను సాయంత్రం వస్తాను" అని ఫోన్ పెట్టేసి, బుద్రి వెనకాలే నేనూ కొండెక్కాను.